బ్రేకు మీది ఇటుక

“తొక్కు” అన్నాడు పెంచల్, కారు వెనకాల గొంతుక్కూర్చుని.

లోపల గంగాదేవి తొక్కింది. రబ్బరు అరిగి బయటపడ్డ పెడల్ రేకుకు ఆమె కాలి మెట్టె తగిలి టక్కుమంది. ఆ వెంటనే పెంచల్ ముఖం మీద ఎర్రటి వెలుగు పడింది. రెండు దీపాలూ సరిసమానంగా వెలుగుతున్నాయి. ఆ సంగతి అతనికి మొదటిసారికే తెలిసిపోయింది. అయినా వదలమన్నాడు, మళ్లీ తొక్కమన్నాడు. మూడోసారి టక్కుమన్నాక ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

“నువ్వు దీపాలు చూస్తాండావా, మెట్టె సప్పుడు ఇంటాండావా?”

పెంచల్ భుజం మీది పసుపు గుడ్డ తీసి, తుడవాల్సిన పనేమీ లేని దీపాలను తుడిచాడు.

పదకొండేళ్లుగా కువైట్‌లో, జాబ్రియా పేటలోని ఆ ఇంటి గేటు ముందు తెల్లవారగానే ఇదే వరస. ముందు ఇంజినాయిలు కడ్డీ బయటికి లాగి, తుడిచి, మళ్లీ ముంచి చూడటం. తర్వాత రేడియేటరులో నీళ్లు. ఆ తర్వాత పానా పిడితో నాలుగు టైర్లనూ కొట్టి, కొబ్బరికాయ బేరం చేసేవాడిలా చెవొగ్గి వినడం. దీపాలు, హారను, వైపర్లు. చివరికి బ్రేకు దీపాలు. ఆ ఒక్క పనికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి. తొక్కేవాడు లోపల, చూసేవాడు బయట. రెండో మనిషి లేక పెంచల్ ఇల్లు కట్టగా మిగిలిన తెల్ల ఇటుకనొకదాన్ని సంపాదించాడు. దాన్ని పెడల్ మీద నిలువుగా నిలబెట్టి, వెనక్కి పరుగెత్తి దీపాలు చూసుకునేవాడు. పదేళ్ల పైచిలుకు ఆ ఇటుకే అతని తోడు. అంచులు అరిగి, మూలలు గుండ్రబడి, అది కూడా వయసు మీరిన మనిషిలాగే అయింది.

ఆ ఫిబ్రవరిలో ఊరికి వెళ్లి గంగాదేవిని పెళ్లి చేసుకున్నాడు. అతనికి ముప్పై ఆరు, ఆమెకు ఇరవై ఎనిమిది. ఇద్దరికీ ఇక పెళ్లి కాదని రెండూళ్లలోనూ అందరూ తేల్చేసిన సమయంలో అయింది. మామా అని అందరూ పిలిచే ఇంటి యజమానురాలు దయతలచి అదే ఇంట్లో వంటపనికి వీసా ఇప్పించింది. ఏప్రిల్‌లో గంగాదేవి దిగిన మర్నాడు పెంచల్ ఆమెను కారులో కూర్చోబెట్టి ఏ పెడల్ తొక్కాలో చూపించి, ఇక దీనితో పనిలేదని ఇటుకను చెత్తకుండీ వైపు తీసుకెళ్లాడు. ఆమె అడ్డం పడింది. ఇన్నేళ్లు నీ బ్రేకు తొక్కిన మనిషిని పారేస్తావా, ఆమె పెద్దది, నేను చిన్నదాన్ని అంది. అన్నంత పనీ చేసింది. ఇటుకను కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి గేటు పక్కన గోడవారగా కూర్చోబెట్టింది. అప్పటినుంచీ దాని పేరు అక్క. పోతూ వస్తూ దానితో మాట్లాడేది. మీ ఆయన ఈపొద్దు నా మీద కసురుకున్నాడక్కా, నీ కాలంలో గూడా ఇట్లనేనా అని అడిగేది. పెంచల్ గరాజు లోపల ఎవరికీ కనపడకుండా నవ్వుకునేవాడు. ముప్పై ఆరేళ్లు మూసి ఉన్న గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టుండేది అతనికి.

పెంచల్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రాజంపేట దగ్గర పుల్లంపేట. పదిహేనో ఏట అరటిగెలల లారీకి క్లీనరు. ఆ తర్వాత డ్రైవరు. బొంబాయి మీదుగా కువైట్. వచ్చినప్పటినుంచీ ఒకటే ఇల్లు, ఒకటే కారు. లేత గోధుమరంగు షెవర్లే కాప్రిస్, పడవంత పొడవు. దాన్ని కొన్న ఇంటి పెద్దాయన చనిపోయి ఆరేళ్లయింది. కొడుకు వేసవి సెలవులకని పెళ్లాం పిల్లలతో లండన్ వెళ్లి, 1990 ఆగస్టు రెండున ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది పెద్దాయన భార్య, వీళ్లందరికీ మామా. పెంచల్ జీవితంలో గొప్పగా చెప్పుకోవడానికి ఏదైనా ఉంటే అది కారు దఫ్తర్‌లో, అంటే రిజిస్ట్రేషను పుస్తకంలో ఉంది. ఏడాదికొకసారి బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా లేదా అని ప్రభుత్వం చేసే పరీక్షకు వెళ్లాలి. మనవాళ్లు దాన్ని పాసింగ్ అంటారు. పాసయితే దఫ్తర్‌లో ముద్ర. పెంచల్ తీసుకెళ్లిన పదకొండుసార్లూ మొదటి దెబ్బకే ముద్ర పడింది. ఆ చిన్న పుస్తకాన్ని అతను సంచిలో పెట్టుకుని ఊరికి కూడా తీసుకెళ్లాడు. పెళ్లైన మూడోరోజు గంగాదేవికి చూపించిన మొదటి వస్తువు అదే.

ఇప్పుడు ఆ పరీక్షలు లేవు, ఆ ముద్రలూ లేవు. ఇరాకీ సైన్యం వచ్చి నలభై రోజులైంది. వీధి చివర బడిలో వాళ్ల మకాం. మూడు రోజుల కిందట ఒక సిపాయి ఇంటింటికీ వచ్చి కాగితం ఇచ్చి వెళ్లాడు. ఈ పేటలోని పెద్ద కార్లన్నీ సోమవారం తొమ్మిదింటికి బడి ఆవరణలోకి తీసుకురావాలి. వాళ్ల మెకానిక్ చూస్తాడు. బాగున్నవాటికి ఇరాకీ నంబరు ప్లేటు బిగించి సైన్యం తీసుకుంటుంది. పనికిరానివి ఇంటికి తిరిగి వెళ్లిపోవచ్చు. దాచిపెడితే బండితో పాటు బండి దాచినవాడినీ తీసుకెళ్తారు. వెనక వీధిలో ఒకాయనను అలా తీసుకెళ్లారు కూడా.

మామాకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. శనివారం, మంగళవారం. అక్కడ మిగిలిన ఇద్దరు డాక్టర్లు ఇంకా మిషన్ నడుపుతున్నారు. టాక్సీలు లేవు, అంబులెన్సుల్ని సైన్యం ఎప్పుడో పట్టుకెళ్లింది. కాప్రిస్ పోతే మంగళవారం పోతుంది. రెండు మంగళవారాలు పోతే మామా పోతుంది. ఈ లెక్క ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆ సోమవారం దీపాలు చూసుకోవడం అయ్యాక పెంచల్ ఒక్కడే కారు తీసుకుని గరాజులుండే అర్దియాకు బయలుదేరాడు. దారిలో బేకరీ ముందు అప్పటికే వంద మంది నిలబడి ఉన్నారు. వేడి రొట్టెల వాసన కిటికీలోంచి లోపలికొచ్చి, రెండు సిగ్నళ్ల దాకా కారులోనే కూర్చుంది. ఎన్ని ట్యాంకులొచ్చినా ఆ వాసన మారలేదని పెంచల్‌కు ఆ పొద్దున అనవసరంగా సంతోషమేసింది.

అర్దియా గరాజుల్లో తలుపు తెరిచి ఉన్నది ఒక్క ఖాజావలిదే. రాయచోటి మనిషి. అతనికి డ్రైవర్లలో పెద్ద పేరు. కొత్త టైర్లు కొనలేని పేద డ్రైవర్ల కోసం అతను ఒక పాసింగ్ సెట్టు పెట్టుకున్నాడు. నాలుగు మంచి టైర్లు, ఒక బ్యాటరీ, ఒక హారను, నిప్పార్పే సిలిండరు. పరీక్ష రోజు పొద్దున అవన్నీ బండికి బిగిస్తాడు, ముద్ర పడగానే విప్పి తీసేసుకుంటాడు. టీఖర్చంత తీసుకునేవాడు. ఆ నాలుగు టైర్లు ఎన్ని వందల పరీక్షలు పాసయ్యాయో వాటికే తెలియదు. పెంచల్ మాత్రం ఏనాడూ ఆ సెట్టు ముట్టలేదు. అది దొంగ పాసు అనేవాడు. నా బండి దాని కాళ్ల మీద అది నిలబడతాది అనేవాడు. ఖాజావలి దానికి రోషపడి, అతన్ని పాసింగ్ దొర అని పిలిచేవాడు.

విషయం విని ఖాజావలి చాలాసేపు నవ్వాడు.

“ఏందన్నా, పదకొండేండ్లు నా పాసింగ్ సెట్టు మొగం సూడకపోతివి. ఈపొద్దు ఫెయిలింగ్ సెట్టు కావాలని వస్తివే.”

“ఒక్క దినానికే ఖాజా. రేపు మళ్లా మామాను తీస్కపోవాల. గంటలో ఇప్పేసేట్టుండాల.”

“సూస్తాండు. పెండ్లికొడుకట్లా వచ్చినోన్ని బిచ్చగాన్ని చేసి పంపిస్తా.”

ఖాజావలి పనిలోకి దిగాడు. మంచి టైర్లు నాలుగూ విప్పి, తిరుపతి గుండులా నున్నగా ఉన్నవి బిగించాడు. రెండు ప్లగ్గు వైర్లు వదులు చేశాడు. చోక్‌ను తీగతో కట్టేశాడు. సైలెన్సరు బోల్టులు సడలించి, మధ్యలో ఒక రేకుముక్క ఇరికించాడు. హారను ఫ్యూజు, ముందు దీపాల ఫ్యూజు పీకి పెంచల్ చొక్కా జేబులో వేశాడు. బిడ్డకు చెవులు కుట్టిస్తుంటే తండ్రి చూడలేనట్టు పెంచల్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పాత ఆయిలు ఇంజిను మీద పూస్తున్న చప్పుడు వినిపించినప్పుడు మాత్రం, తిరగకుండానే, బ్యాటరీ మీద పడనీకు అన్నాడు.

బ్రేకు దీపాల ఫ్యూజు మీద ఖాజావలి చెయ్యి పడేసరికి పెంచల్ తిరిగి వచ్చి పట్టుకున్నాడు. వద్దన్నాడు. ఇక్కణ్నుంచి జాబ్రియా దాకా వెనక లారీలొస్తుంటాయి, బ్రేకు కొట్టినప్పుడు వెనకవాడికి తెలియాలి, వాడి ప్రాణమూ ప్రాణమే, ఇంటికెళ్లాక తీసేస్తానన్నాడు. ఖాజావలి తల కొట్టుకుని వదిలేశాడు. బిచ్చగాడి వేసమేసినా నీ బుద్ధి మాత్రం దొరబుద్ధే అన్నాడు.

గరాజు పైగదిలో ఖాజావలి భార్య నూర్ బీ మూటలు కడుతోంది. ఆ సాయంత్రం అసర్ నమాజు తర్వాత మనవాళ్లకు ఒక బస్సు వెళ్తోంది. బస్రా, బాగ్దాద్, అక్కణ్నుంచి జోర్డాన్ సరిహద్దు, అక్కడ మన విమానాలు. ఖాజావలి తన వాళ్లతో పాటు గంగాదేవికీ ఒక సీటు చెప్పి ఉంచాడు. ఆమెకు రెండో నెల. వారం రోజులుగా బస్సు మాట ఎత్తితే ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేస్తోంది. ఏం చేసిందన్నా తీర్మానం అని ఖాజావలి అడిగాడు. గిన్నెలు తోముతాంది అన్నాడు పెంచల్.

విప్పిన టైర్లు తన చిన్న ట్రక్కు, వానెట్‌లో వేసుకుని సాయంత్రం మీ ఇంటికాడ దించేసి పోతానని, బోల్టులెట్లా బిగించుకోవాలో నీకు తెలిసిందేనని చెప్పి ఖాజావలి మూడుసార్లు తాళం తిప్పించి బండిని స్టార్టు చేయించాడు. కాప్రిస్ దగ్గి, తుమ్మి, నల్లగా పొగ వదిలింది. ఆ చప్పుడు విని ఇద్దరు సిపాయిలు చెవులు మూసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. లోపలికెళ్లి ఫ్యూజు తీద్దామనుకుంటుండగానే గేటు దగ్గర మామా నిలబడి కనిపించింది. నల్లటి అబాయా, చేతికర్ర, పెద్దాయన చలువ కళ్లద్దాలు. వెనక గంగాదేవి. తను కూడా వస్తానంది మామా. పెంచల్ తనకు వచ్చిన అరబీలో వద్దని చెప్పడానికి చూశాడు. నా మొగుడు నా కోసం కొన్న కారును పరీక్ష చేస్తుంటే నేను ఇంట్లో కూర్చుంటానా అని ఆమె వెనక తలుపు తానే తీసుకుని ఎక్కి కూర్చుంది. గంగాదేవి ముందు ఎక్కింది. ఎందుకని పెంచల్ అడగలేదు. అడిగినా ప్రయోజనం ఉండదు. ఈ గొడవలో ఫ్యూజు సంగతి మరిచిపోయాడు.

బడి ఆవరణలో పదిహేను కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. బడి గంట కొట్టే చోట ఇరాకీ ప్లేట్లు గుట్టగా పోసి ఉన్నాయి. మెకానిక్ వయసు మళ్లిన సిపాయి. కళ్లద్దాల కాడలకు దారం కట్టి మెడలో వేసుకున్నాడు. ప్రతి కారుకూ బానెట్ తీయించి, చెవి పెట్టి విని, ఆ తర్వాత పక్కనే కుర్చీలో కూర్చున్న ఆఫీసరు వైపు తల ఊపుతున్నాడు. తల ఊపితే పాత ప్లేటు విప్పి కొత్తది బిగిస్తున్నారు. తల అడ్డంగా తిప్పితే అద్దం మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేసి పంపిస్తున్నారు. పెంచల్ ముందున్న ఏడింటిలో ఆరు పోయాయి. ఒక ముసలాయన తన కారు తాళంచెవులు ఇవ్వకుండా పిడికిట్లో పట్టుకుని నిలబడితే, సిపాయి ఒకడు ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాడు.

ఎండ ముదిరింది. వరస కదలడం లేదు. పెంచల్ కారు పక్కన నిలబడ్డాడు. దారి పొడవునా పడ్డ దుమ్ము బానెట్ మీద పొరగా కనిపిస్తోంది. అతని చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది, పసుపు గుడ్డ అందుకుంది. బానెట్ తుడిచాడు. అద్దం తుడిచాడు. వంగి ముందు నంబరు ప్లేటు మీద వేలికి గుడ్డ చుట్టి అంకె అంకెనూ శుభ్రం చేశాడు. గంగాదేవి లోపల్నుంచి గొంతు సవరించింది. అతనికి వినపడలేదు. తల ఎత్తేసరికి కళ్లద్దాల సిపాయి ఎదురుగా నిలబడి అతని చేతి వంక చూస్తున్నాడు.

పొగ చిమ్మే బండిని ఇంత ప్రేమగా తుడిచేవాడిని నేనెక్కడా చూడలేదన్నాడు సిపాయి. పెంచల్ నోటికొచ్చిన అరబీ ముక్కలు కలిపి, తుడవడం నా చేతిలో పని, నడవడం దాని ఇష్టం అని చెప్పాడు. సిపాయి నవ్వలేదు. కానీ అనుమానం పడ్డాడు. ముందు కార్లకు చెవి మాత్రమే పెట్టినవాడు దీనికి మోకాళ్ల మీద వంగాడు.

టైర్లు చూశాడు. గోరుతో గీరాడు. ఇంజిను మీది ఆయిలును వేలితో తీసి వాసన చూశాడు. పాత ఆయిలు అది, నిన్నో ఇవాళో పూసినదని పట్టుకోగలిగినవాడే. హారను కొట్టమన్నాడు, మోగలేదు. దీపాలు వేయమన్నాడు, వెలగలేదు. ప్రతిదానికీ తల పంకిస్తున్నాడు కానీ ఎర్ర రంగు డబ్బా వైపు చెయ్యి పోవడం లేదు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి వచ్చి వెనక సీట్లోకి తొంగిచూశాడు. ఈ ముసలామె ఎవరు, ఎందుకొచ్చిందని అడిగాడు. మామా కళ్లద్దాలు తీయలేదు.

“బండి ఎటు పోతే నేనటు. దీనికి నీ ప్లేటు బిగించేటట్లయితే నాకూ ఒకటి బిగించు, మెడలో వేసుకుంటాను” అంది అరబీలో, ఆవరణంతా వినబడేలా.

ఎక్కడో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. తొందరగా తేల్చు అని మెకానిక్‌ను కసిరాడు.

అప్పుడు కళ్లద్దాల సిపాయి కారు వెనక్కి నడిచాడు. నడుస్తూ, బ్రేకు తొక్కమనండి అన్నాడు.

పెంచల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యూజు. తీస్తానని తీయని ఫ్యూజు. ఆ రెండు దీపాలూ పొద్దున తను తుడిచిన దీపాలు. బండి మొత్తం చెడిపోయి అవి మాత్రం పెళ్లిపందిట్లో లాగా వెలిగాయంటే, ఆ సిపాయికి ఇక చూడాల్సింది ఏమీ ఉండదు. పెంచల్ బానెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, వదలడానికి లేదు. స్టీరింగ్ వెనక సీటు ఖాళీ. ముందు సీటు ఒకే పొడుగాటి సీటు. గంగాదేవి దాని మీద ఇటునుంచి అటు జరిగింది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. రోజూ చేసే పనే.

“తొక్కు” అన్నాడు పెంచల్.

టక్కుమంది.

అతను ఆ చప్పుడుకు కళ్లు మూసుకున్నాడు. పదకొండేళ్లు. అరటి లారీ. పుస్తకంలో ముద్రలు. రేపటి మంగళవారం. కళ్లు తెరిచేసరికి సిపాయి ఇంకా కారు వెనకాలే వంగి నిలబడి ఉన్నాడు. మళ్లీ తొక్కమన్నాడు. మళ్లీ టక్కుమంది. సిపాయి ముఖం మీద ఎర్రటి వెలుగేమీ పడలేదు. మామూలు ఎండే ఉంది.

సిపాయి ముందుకొచ్చాడు. డ్రైవరు తలుపు తీసి లోపలికి వంగాడు. చీర అంచు పెడళ్లను పూర్తిగా కప్పేసి ఉంది. గంగాదేవి అతని వంక చూడలేదు, అవతలి కిటికీలోంచి బడిగోడను చూస్తోంది. అతను ఆ చీర అంచును ఒక క్షణం, బహుశా రెండు క్షణాలు చూశాడు. ఏం చూశాడో అతనికే తెలియాలి. నిటారుగా లేచి, కళ్లద్దాలు తీసి గుండెల మీదికి వదిలేశాడు. ఖలాస్ అన్నాడు. ఎర్ర రంగు డబ్బా తెప్పించి, పెంచల్ ఇప్పుడే తుడిచిన అద్దం మీద మూల నుంచి మూలకు ఇంటూ గుర్తు గీశాడు.

ఇంటి మలుపు తిరిగాక మొదట నవ్వింది మామా. ఆ తర్వాత కారు పొగలో, రేకు మోతలో ముగ్గురూ నవ్వారు. పెంచల్ నవ్వుతూనే అడిగాడు, తొక్కినావు గదా, ఎట్ల ఎలగలేదు అని. గంగాదేవి అతని వైపు జరిగి, కాలు చాపి పెడల్ పక్కనున్న ఇనుపపట్టీ మీద మెట్టెతో కొట్టి చూపింది. టక్కుమంది. అచ్చం అదే చప్పుడు.

“మీ పెద్దామెకు తొక్కడం ఒకటే తెలుసు. తొక్కకుండా ఉండటం నాకు గూడా తెలుసు.”

గేటు లోపలికి వచ్చాక పెంచల్ గుడ్డ తీసి అద్దం దాకా వెళ్లి ఆగిపోయాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఫెయిలైన బండి అది. ఆ ఎర్ర గుర్తు ఉన్నంతకాలం దారిలో ఏ సిపాయీ దాన్ని అడగడు. దాన్ని తుడవకూడదు. ఇక మీదట రోజూ అన్నీ తుడిచి దాన్ని మాత్రం వదిలేయాలి. గుడ్డను మడిచి భుజం మీద వేసుకున్నాడు. అతనికి తెలియకుండానే గర్వంగా నవ్వొచ్చింది.

మధ్యాహ్నం గంగాదేవి గిన్నెలు చప్పుడు చేయలేదు. అన్నం వార్చింది, మామాకు ఉప్పులేని కూర వేరుగా చేసింది, ఆ తర్వాత తన ట్రంకుపెట్టె మంచం కింది నుంచి లాగింది. పెంచల్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆమె చీరలు మడతపెడుతూ, తల ఎత్తకుండా మాట్లాడింది.

“పోతాలే. కడుపులో ఉండే దానికి నీ ట్యాంకులు, నీ తుపాకులు ఏం తెలుసు. ఈడ నా పని ఈ పొద్దుతో అయిపోయింది. నీ పని మాత్రం కాలేదు. ఆ ముసలామెను ఇడిసిపెట్టి నా ఎనకాల వచ్చినావనుకో, ఇంట్లోకి రానియ్యను.”

“రాను.”

“మంగళవారం, శనివారం. ఒక్కటి గూడా తప్పరాదు.”

“తప్పను.”

మామా తన ముంజేతి బంగారు గాజుల్లోంచి ఒకటి తీసి గంగాదేవి చేతికి తొడిగి, ఊరికెళ్లాక ఆడపిల్ల పుడితే దీన్ని చిన్నది చేయించమని చెప్పింది. అసర్ బాంగు వినిపించేసరికి ఖాజావలి వానెట్ వచ్చింది. వెనక మూటలు, పిల్లలు, నూర్ బీ, వాళ్ల మధ్య నాలుగు మంచి టైర్లు. టైర్లు దించి ఆ జాగాలో గంగాదేవి ట్రంకుపెట్టె ఎక్కించారు. పెంచల్ టైర్లను ఒక్కొక్కటిగా గరాజులోకి దొర్లించుకుంటూ వెళ్లాడు. నాలుగోది లోపల పెట్టి బయటికొచ్చేసరికి ఆమె గేటు పక్కనుంచి లేచి చీర దులుపుకుంటోంది. గోడవారగా ఏదో సర్దుతున్నట్టనిపించింది. అడిగేంతలో ఖాజావలి యల్లా, పోదాం అన్నాడు.

వానెట్ మలుపు దాకా నెమ్మదిగా వెళ్లింది. మలుపులో ఖాజావలి బ్రేకు కొట్టాడు. ఎడమవైపు దీపం ఒక్కటే వెలిగింది. కుడివైపుది ఎప్పటినుంచి పోయిందో, మనవాళ్లెవరూ వాళ్ల బండి వెనక్కి వెళ్లి చూసుకోరు. చెప్పాలని పెంచల్ చెయ్యి ఎత్తాడు. ఆమె అది తనకే అనుకుని చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రమంతా అతను బండి విప్పాడు, బిగించాడు. మంచి టైర్లు, ప్లగ్గు వైర్లు, ఫ్యూజులు. ఆయిలు కిరసనాయిలుతో కడిగాడు. కర్ఫ్యూ మొదలయ్యే వేళకు కాప్రిస్ మళ్లీ పిల్లిలా గురగురలాడింది. మామాతో, రేపు ఏడింటికి బయలుదేరదామని చెప్పి పడుకున్నాడు. మంచం రెండో సగం మీద చెయ్యి వేయలేదు.

మంగళవారం తెల్లవారగానే వరస మొదలుపెట్టాడు. ఆయిలు కడ్డీ, నీళ్లు, టైర్లు. హారను నొక్కితే గొంతు పూర్తిగా వచ్చింది. అద్దం తుడిచాడు, ఎర్ర గుర్తు చుట్టూ తిప్పి, దాన్ని తాకకుండా తుడిచాడు. ఆ తర్వాత కారు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని, అలవాటుగా నోరు తెరిచాడు. ఎవరూ లేరు. వెనక వీధి బేకరీ నుంచి రొట్టెల వాసన వచ్చింది. లేచి, ఇటుక కోసం గేటు పక్కకు వెళ్లాడు. గోడవార ఖాళీగా ఉంది.

డ్రైవరు తలుపు తీశాడు. వంగి చూస్తే సీటు కింద, నిన్న చీకట్లో కనపడని మూలన, అది సిద్ధంగా కూర్చుని ఉంది. కడిగి ఉంది. అరిగిన అంచుల దాకా మందంగా కొత్త పసుపు రాసి ఉంది. కుంకుమబొట్టు చుట్టూ వేలిముద్ర గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెంచల్ బొట్టు చెదరకుండా దాన్ని రెండు చేతులతో ఎత్తి పెడల్ మీద నిలబెట్టాడు.

వెనక రెండు దీపాలు వెలిగాయి. లోపల, బ్రేకు మీద, పసుపు రాసిన ఇటుక చప్పుడు చేయకుండా తొక్కి పట్టుకుని ఉంది.